మా బావగారి దగ్గు

నేను నాటకంలో నిలబడి నాలుగు మాటలు చెప్పడం నేర్చుకోవడానికి అన్నిటికన్నా పెద్ద అడ్డం మా బావగారి దగ్గు.

బావగారంటే నా పెనిమిటికి అన్న. బావ అనగానే కింద ఊళ్ళవాళ్ళు నవ్వులాటలూ ఎకసెక్కాలూ అనుకుంటారు. మా కొండల్లో పెనిమిటి అన్నతో అలాంటివేవీ ఉండవు. ఆయన ఎదురుపడితే నేను దారి దిగి నిలబడాలి. కొంగు తలమీదికి లాక్కుని మొహం అటు తిప్పుకోవాలి. ఆయన చేతికి ఏదీ అందించకూడదు. నీళ్ళ చెంబైనా నేలమీద పెట్టి నేను వెనక్కి జరిగాక ఆయన వచ్చి తీసుకుంటాడు. ఆయన కూడా నా ఎదుటికి ఊరికే వచ్చెయ్యడు. మలుపు తిరిగే ముందో, గుమ్మం దగ్గరో ఒకసారి దగ్గుతాడు. అది వినగానే నేను లేచి తప్పుకుంటాను. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఇదే అలవాటు. ఎంత అలవాటంటే, ఆయన దగ్గాక కొంగు నా తలమీదికి ఎప్పుడు వచ్చిందో నాకే తెలియదు.

ఈ దగ్గు నాటకంలోకి ఎలా వచ్చిందో చెబుతాను. చలికాలం అరకుకి జనం ఎక్కువగా వచ్చే రోజుల్లో అక్కడొక వేదిక కట్టి ఆటపాటలు పెడతారు. మా ఊరి ఆడవాళ్ళం ఏటా వెళ్ళి థింసా ఆడి వస్తాం. ఈసారి థింసాతో పాటు చిన్న నాటకం కూడా వెయ్యమన్నారు. మాకు నేర్పడానికి విశాఖపట్నంలో నాటకాల చదువు చదివిన ఒక అమ్మాయి వచ్చింది. నా కూతురికన్నా చిన్నది. మేం మేడం అని పిలిచేవాళ్ళం. ఆమె మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడించి, మా మాటల్లోంచే కథ అల్లింది. కొండ మీద ఒక ఆడమనిషి కాఫీ పళ్ళు కోసి, ఆరబెట్టి, సంతకి మోసుకుపోతుంది. షావుకారు తక్కెడని వేలితో నొక్కి మోసం చేస్తాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని, కళ్ళలోకి చూసి, మళ్ళీ తూచమని అడుగుతుంది. అంతే కథ.

ఆ ఆడమనిషి వేషం నాకిచ్చింది. నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. మధ్యాహ్నాలు అంగన్వాడీ గదిలో టీచరు నేర్పేది. నాటకం కాగితాలు పంచిన రోజున, మా గుంపు ఆడవాళ్ళలో వాటిని చదవగలిగింది నేనొక్కదాన్నే. అందుకే వేషం నాకు వచ్చింది. నాకు కుదరకపోతే అంగన్వాడీ టీచరు వేస్తుందని కూడా మేడం ఆ రోజే చెప్పేసింది. టీచరు మంచి మనిషి, నాకు చదువు చెప్పిన మనిషి. అయినా ఆ వేషం ఆమెకి పోకూడదని నేను గట్టిగా అనుకున్నాను. అంతవరకూ నాకు దొరికినవన్నీ ఫలానావాళ్ళ కూతురిననో, ఫలానావాళ్ళ కోడలిననో దొరికినవే. ఇది చదవడం వచ్చినందుకు దొరికింది.

తీరా చూస్తే ఆ చదవడమే మొదట అడ్డమొచ్చింది. నేను వేలు పెట్టి, మాట మాట విడగొట్టి, ఒక్క ఒత్తు కూడా పోకుండా చదివాను. మేడం చివరిదాకా విని, చాలా బాగా చదివారమ్మా, ఇప్పుడు కాగితం ఇచ్చెయ్యండి అంది. నాకు ఒళ్ళు మండింది. ఎన్నాళ్ళో పలక పట్టి నేర్చుకున్న విద్య, తీరా పనికొచ్చిన రోజున చేతిలోంచి లాక్కుంటే ఎవరికి మండదు? కాగితం లేకుండా చెప్పమంటే, కళ్ళ ముందు ఆ కాగితాన్నే పెట్టుకుని అదే తీరులో చెప్పాను. హాజరు పట్టీ చదువుతున్నట్టుంది అంది. నిజంగానే అలాగే ఉండి ఉంటుంది. నాకు చదువు చెప్పిన టీచరు పిల్లల పేర్లు అలాగే చదివేది.

తర్వాత గొంతు. మేం కాఫీ ఆరబోసే కళ్ళంలోనే ఒక పక్క నేర్చుకునేవాళ్ళం. అదేమో పళ్ళు కోసే కాలం. పొద్దుటి నుంచీ తోటలో నడుం విరిగేలా కోసి, మధ్యాహ్నం దాటాక ఇక్కడికి వచ్చి మళ్ళీ నిలబడాలి. వినబడడం లేదమ్మా అంది మేడం. సరేనని అవతలి కొండ మీద పశువులు కాస్తున్నవాణ్ణి పిలిచినట్టు పిలిచాను. ఆమె చెవులు మూసుకుంది. కళ్ళం మీది కోళ్ళు చెదిరిపోయాయి. దిగువ ఇళ్ళలోంచి ఇద్దరు మనుషులు ఏమైందోనని పరిగెత్తుకొచ్చారు. తగ్గించమంది. తగ్గిస్తే పొయ్యి దగ్గర మాట్లాడుకుంటున్నట్టుంది అంది. నాకున్నవి ఆ రెండు గొంతులే, కొండకి ఒకటీ పొయ్యికి ఒకటీ. మధ్యలో ఇంకొకటి ఉంటుందనీ, అది కడుపులోంచి రావాలనీ ఆమె పట్టు. పొట్ట మీద చెయ్యి వేసుకుని ఊపిరి లోపలికి తీసుకోమంది.

మా తోటికోడలు రోజూ చేట పట్టుకుని కళ్ళం గట్టు మీద కూర్చునేది. బావగారి భార్య. నేను అప్ప అని పిలుస్తాను. పళ్ళలో పుల్లా ఆకూ ఏరడానికి వచ్చానని చెప్పేది గానీ, వచ్చింది మమ్మల్ని చూడడానికే. నేను పొట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడగానే చేట ఆపి అడిగింది.

"ఏటే సెల్లీ, ఎన్నో నెల?"

ఆడవాళ్ళంతా విరగబడి నవ్వారు. ఆ రోజుకి మా నేర్చుకోవడం అక్కడితో సరి.

నిలబడడం కూడా ఒక విద్యేనని నాకు అప్పటిదాకా తెలియదు. థింసాలో మేం ఒకరి నడుం వెనకగా ఒకరం చేతులు కలుపుకుని గొలుసులా తిరుగుతాం. చూపు ముందున్న మనిషి అడుగు మీద ఉంటుంది. చూసేవాళ్ళు ఎటున్నారో మాకు పట్టదు. నాటకంలో ఆ చూసేవాళ్ళే ముఖ్యమట. మేం సంతలో కబుర్లాడే చోట మేడం ఎన్నిసార్లు విడదీసినా, రెండు మాటలయ్యేసరికి గుండ్రంగా చేరి అందరికీ వీపులు చూపించేవాళ్ళం. ఆమె పాపం భుజాలు పట్టుకుని ఒక్కొక్కరినీ తిప్పేది. మర్నాడు మళ్ళీ గుండ్రమే.

ఇక ఉత్త చేతులతో పళ్ళు కోసినట్టు చూపించాలి. ఇదైనా నాకు వచ్చిన పనే కదా అనుకుని గబగబా కోసి చూపించాను. ఏమీ కనబడలేదు, నెమ్మదిగా చెయ్యండి అంది. అంత నెమ్మదిగా కోస్తే పొద్దుగూకేసరికి బుట్ట అడుగు కూడా కప్పదన్నాను. అప్పుడామె తనే లేచి చేసింది. చెయ్యి చాచి, గాలిలో ఒక కొమ్మని వంచి, వేళ్ళతో ఒక పండు చుట్టూ తడిమి, మెలిపెట్టి తెంపింది. ఆమె పుట్టి బుద్ధెరిగాక ఒక్క కాఫీ పండు కోసి ఉండదు. అయినా ఆమె చేతిలో నాకు పండు కనబడింది. నా చేతిలో నాకే కనబడలేదు. ఆ మంట చాలా రోజులు పోలేదు. తోటలో కోస్తూ కోస్తూ మధ్యలో ఆగి నా వేళ్ళు ఏం చేస్తున్నాయో చూసుకునేదాన్ని. పక్క వరసలోవాళ్ళు చేతికి ముల్లు గుచ్చుకుందా అని అడిగేవాళ్ళు.

ఇవన్నీ కొద్దికొద్దిగా దారికొచ్చాయి. రానిది సంత సీను.

షావుకారు వేషం మా బావగారిది. ఆయన డప్పు వాయిస్తాడు, జనం ముందు బెదరడు, మీసం ఉంది. మేడం ఆయన్ని చూడగానే ఇదిగో షావుకారు అనేసింది. మా వరసలు ఆమెకి తెలియవు. సీను మొదలయ్యేసరికి నేను బుట్ట ముందు పెట్టుకుని కూర్చుని ఉండాలి. ఆయన నడుచుకుంటూ రావాలి. ఆయన మా ఇంటి మూల మలుపు దగ్గర దగ్గినట్టే, కళ్ళంలోకి అడుగు పెట్టే ముందు దగ్గాడు. నేను లేచాను. కొంగు తలమీదికి వచ్చింది. బుట్ట నేలమీద ఉంచేసి అటు తిరిగి నిలబడ్డాను. మేడం నా వీపు చూస్తూ ఉండిపోయింది. మళ్ళీ చేద్దాం అంది. మళ్ళీ దగ్గు, మళ్ళీ నా వీపు. బాబాయ్, దగ్గకుండా రండి అని ఆయన్ని బతిమాలింది. దగ్గకుండా రావడం ఆయనకి చేతకాలేదు. ఒక ఆడమనిషి కూర్చున్న చోటికి చెప్పకుండా వెళ్ళినట్టు ఉంటుందని కాళ్ళు ముందుకు పడేవి కావు. అడుగు తీసేవాడు, ఆగేవాడు, అణచుకోలేక దగ్గేవాడు.

మనిషిని మార్చి చూద్దామంది మేడం. నా పెనిమిటి తమ్ముణ్ణి నిలబెట్టింది. మరిది అంటే మాకు మేలమాడే వరస. జీవితమంతా ఒకరినొకరు ఏడిపించుకున్న మనుషులం. వాడు మీసం దువ్వుకుంటూ వచ్చి, తక్కెడ ఎత్తి, "ఏటొదినా, కాఫీ తెచ్చేవా, నువ్వే ఎక్కుతావా తక్కిడి?" అన్నాడు. నేను నవ్వాపుకోలేక బుట్ట మీద పడ్డాను. మళ్ళీ చేస్తే మొహం చూడగానే ఇద్దరికీ నవ్వే. పోనీ కుర్రాళ్ళని పెడదామంటే అందరూ నాకు కొడుకు వరస. వాళ్ళని దొంగ షావుకారని తిట్టాలంటే నోరు రాదు. మేడం తల పట్టుకుని కూర్చుంది.

"ఈ ఊళ్ళో మీకు ఏమీ కాని మగమనిషి ఒక్కరైనా లేరా అమ్మా?"

నేను నిజంగానే ఆలోచించాను. ఊరంతా ఒకే ఇంటిపేరు. కొందరు తప్పుకోవలసినవాళ్ళు, కొందరు నవ్వవలసినవాళ్ళు, కొందరు అన్నం పెట్టవలసినవాళ్ళు. ఏమీ కాని మగమనిషంటే ఆదివారాలు వచ్చే పాస్టరుగారొక్కరే. ఆయన్ని తక్కెడ నొక్కే దొంగ వేషం వెయ్యమని ఎవరడుగుతారు?

చివరికి మేడం నన్ను పక్కకి తీసుకెళ్ళి నెమ్మదిగానే చెప్పింది. షావుకారుగా బావగారికన్నా బాగా చేసేవాళ్ళు లేరు. ఆయన ఉండాలంటే ఆయన్ని చూసి మాట్లాడగల మనిషి కావాలి. టీచరు కింద ఊరి మనిషి, ఆమెకి ఏ ఇబ్బందీ లేదు. ఇంకో రెండు మూడు రోజులు చూద్దాం. నేను సరేనన్నాను. కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఆ అమ్మాయి అన్నదాంట్లో తప్పు లేదు. బావగారి తప్పు లేదు. ఆయన మర్యాదగా దగ్గుతున్నాడు. నేను మర్యాదగా లేస్తున్నాను. ఇంత మర్యాదలో నా వేషం పోయేలా ఉంది.

పైగా మా అప్ప ఊరుకోదు. చెయ్యి పట్టుకునే మాట విన్న రోజు నుంచీ గట్టు మీద కూర్చుని ఒకటే పాట.

"నాటకమో గీటకమో, ముట్టుకుంటే ముట్టుకున్నట్టే. పెద్దలు తప్పు పెడితే కోడి నువ్వే తేవాల, సెల్లీ."

మా దగ్గర తప్పు పెట్టడమంటే, వరస తప్పినవాళ్ళు పెద్దల ముందు ఒక కోడిని ఇచ్చి ఒప్పుకోవడం. కోడి పెద్ద విషయం కాదు. తర్వాత ఊరంతా చాలాకాలం చెప్పుకునే మాటలు పెద్ద విషయం.

బావగారు అన్నీ వింటున్నాడు. ఆయన నాతో మాట్లాడడు కదా, నాకేదైనా చెప్పవలసి వస్తే దగ్గరున్న దేనికో చెబుతాడు. ఇంట్లో అయితే గోడకి, తోటలో అయితే కుక్కకి. కళ్ళంలో నా ఎర్ర కోడిపెట్ట ఒకటి ఎప్పుడూ తిరుగుతుండేది. అప్ప తరిమినకొద్దీ మళ్ళీ వచ్చేది. ఆ సాయంత్రం ఆయన తక్కెడ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. మేడం పొడుగాటి వెదురుకర్రకి రెండు బుట్టలు వేలాడగట్టి చేసిన తక్కెడ అది. పెట్ట దగ్గరికి రాగానే దానితో అన్నాడు.

"కోడమ్మా, సెయ్యి ముట్టుకోవద్దని సెప్పు. కర్ర ఆ కొస అట్టుకోమను. సెయ్యి నాది గానీ, కర్ర షావుకారిది."

పెట్ట నా వైపు రాలేదు. గింజ దొరికినట్టుంది, అటే పోయింది. మాట మాత్రం నాకు చేరింది. అప్ప చేట ఆపి, కర్రకి వరసుండదు అంది. మేడంకి చెబితే ఎగిరి గంతేసినంత పని చేసింది. చెయ్యి పట్టుకోవడంకన్నా అదే బాగుంటుందట.

అయినా చూపు ఉంది కదా. కర్ర పట్టుకునేదాన్ని గానీ మొహం అటే ఉండేది. అరకు వెళ్ళే రోజు వచ్చేదాకా ఒక్కసారి కూడా ఆ సీను సరిగా రాలేదు. మేడం టీచరుకి చీర కట్టించి జీపులో కూర్చోబెట్టింది, అవసరమైతే ఉంటుందని. దారంతా టీచరు పెదవులు కదుపుతూ నా మాటలు వల్లె వేసుకుంటూనే ఉంది.  

ముందు థింసా అయింది. తర్వాత మేడం నా మొహం చూసి, ఏమనుకుందో, టీచరుని కిందే ఉండమని నన్ను పొమ్మంది. వేదిక ముందు కుర్చీల్లో టోపీలూ స్వెట్టర్లూ వేసుకున్నవాళ్ళు బొంగు చికెన్ తింటున్నారు. వాళ్ళ వెనక నేలమీద మావాళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. గాలిలో పళ్ళు కోశాను. నెమ్మదిగానే కోశాను. సంతలో బుట్ట ముందు పెట్టుకుని కూర్చున్నాను. తెర వెనక బావగారు దగ్గాడు.

నా ఒళ్ళు లేచింది. మోకాళ్ళు లేచాయి, చెయ్యి కొంగు పట్టుకుంది. కొంగు సగం దూరం పైకి వచ్చాక, కింద నిలబడ్డ టీచరు కనబడింది. ఆమె తల మీద కొంగు లేదు, నిబ్బరంగా నా వైపే చూస్తోంది. నా చెయ్యి ఆగిపోయింది. కొంగు భుజం దాటలేదు. అటు తిరగబోయినదాన్ని ఇటు తిరిగి బావగారి మొహం చూశాను.

కుర్చీల్లోవాళ్ళకి ఇందులో ఏమీ కనబడి ఉండదు. వెనక నేలమీద కూర్చున్నవాళ్ళు మాత్రం ఒక్కసారిగా మాట ఆపేశారు. ఆ దగ్గేమిటో వాళ్ళకి తెలుసు. బావగారి కళ్ళు ఒక్క క్షణం నా మీద నిలిచి, తక్కెడ మీదికి దిగిపోయాయి. ఆయన బుట్ట ఎత్తాడు, వేలితో నొక్కాడు. నేను కర్ర అవతలి కొస పట్టుకున్నాను. మళ్ళీ తూచమని అడిగాను. గొంతు కొండదీ కాదు, పొయ్యిదీ కాదు. ఇంకోటేదో వచ్చింది. ఆయన లాగాడు, నేను వదల్లేదు.

తిరిగొచ్చేటప్పుడు మాతో వచ్చిన ఊరి పెద్దలు జీపులో ఇది తప్పవుతుందా కాదా అని మాట్లాడుకున్నారు. ముట్టుకోలేదు, ఆట మీద చూసిన చూపు చూపు కాదని తేల్చారు. వేషం నాకు మిగిలింది. కథ అక్కడితో అయిపోయి ఉంటే నేను విసుక్కునేదాన్ని కాదు.

నాటకం చూసినవాళ్ళు ముందు పాడేరులో, తర్వాత విశాఖలో వెయ్యమన్నారు. మేడం మళ్ళీ వచ్చింది. ఆమెకి ఆ దగ్గు ఎక్కడలేని ముద్దొచ్చింది. దగ్గు, నా లేవడం, కొంగు సగంలో ఆగడం, ఇటు తిరగడం, అన్నీ ప్రతిసారీ అచ్చంగా అలాగే కావాలంది. ఒకసారి జరిగినదాన్ని మళ్ళీ మళ్ళీ కొత్తగా చెయ్యడమే నటన అని కూడా చెప్పింది. అది రాకపోతే విశాఖలో వెయ్యలేమంది.

అంతే, బావగారికి దగ్గు పోయింది. ఇన్నేళ్ళుగా ఆపలేకపోయిన మనిషి, దగ్గమంటే దగ్గలేడు. మొదటిరోజు క్షయరోగిలా దగ్గాడు. రెండోరోజు గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టు దగ్గాడు. ఒకరోజు దగ్గడమే మరిచిపోయి నడిచొచ్చేసి, వెనక్కి వెళ్ళి దగ్గి మళ్ళీ వచ్చాడు. అప్ప నిజంగానే జబ్బు చేసిందేమోనని మిరియాల కషాయం పట్టించింది. ఆయన దగ్గు దొంగదైతే నా ఒళ్ళు లేవదు. లేవకపోయినా లేచినట్టు చెయ్యాలి, రాని కొంగుని వచ్చినట్టు లాగి మళ్ళీ ఆగినట్టు ఆపాలి. మేడం ఇంకోసారి అంటుంది. పళ్ళన్నీ కోతకొచ్చి తోటలో రాలిపోతున్నాయి. ఇంకోసారి, ఇంకోసారి.

ఒక సాయంత్రం ఆయన మరీ పిల్లి తుమ్మినట్టు దగ్గాడు. నేను విసురుగా లేచి ఆయన మొహంలోకి చూసి అనేశాను.

"అదేటి బావా, అది దగ్గా? ఇన్నేళ్ళూ సక్కగా దగ్గినోడివి, ఇప్పుడేటొచ్చింది నీకు? బేగి కానియ్, అవతల పళ్ళు రాలిపోతన్నాయి."

 తక్కెడ పక్కన పడి ఉంది, కర్ర నా చేతిలో లేదు. అది నాటకంలో మాట కాదని అందరికీ తెలుసు. అప్ప చేట ఒళ్ళో పెట్టుకుని నన్ను చూసింది, ఆయన్ని చూసింది. బావగారు తల దించుకుని పెట్ట కోసం వెతికాడు. అది కాళ్ళ దగ్గరే ఉంది.

"కోడమ్మా, నాను మాత్రం ఏటి సేత్తాను? రమ్మంటే రాదు గదా దగ్గు" అన్నాడు.

ఈసారి పెద్దలు తప్పు పెట్టక తప్పలేదు. కోడిని నేనే ఎంచుకుని ఇవ్వాలి గానీ, అప్ప ముందే వచ్చి ఎర్ర పెట్టని గంప కింద మూసేసింది. కళ్ళంలో పళ్ళన్నీ కెలికేది అదేనంది. పెద్దలు తిన్నారు, నేను ఒప్పుకున్నాను, అయిపోయింది.

మర్నాడు మళ్ళీ కళ్ళం. నేను బుట్ట ముందు పెట్టుకుని కూర్చున్నాను. బావగారు అంచున ఆగాడు. నాకేదో చెప్పాలనుకున్నట్టుంది. అలవాటుగా కింద చూశాడు, అటూ ఇటూ చూశాడు. చెప్పడానికి కోడి లేదు. ఏం చెయ్యాలో తోచక గొంతు సవరించుకున్నాడు. అచ్చం మా ఇంటి మలుపు దగ్గర దగ్గే దగ్గు. నేను లేచాను. కొంగు వచ్చింది, భుజం దగ్గర ఆపాను, ఇటు తిరిగాను.

మేడం చప్పట్లు కొట్టింది. ఇదే అమ్మా, ఇదే కావాలి, విశాఖలో కూడా అచ్చంగా ఇలాగే అంది.

ఈ ఒక్క దగ్గుకే ఒక కోడి పోయింది, విశాఖ దాకా ఇలాగే కావాలంటే ఇంకా ఎన్ని కోళ్ళు పోతాయో నేను ఆమెకి చెప్పలేదు.